ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక మనిషి ఎవరి లెక్కలో ఉంటాడు? సోమవారం ప్రజావాణిలో ఏం అడగాలి?

నడికూడ పత్తి గుమస్తా:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ జిల్లా నడికూడ మండలంలో ఒక ఊరు. పరకాల దగ్గర జిన్నింగ్ మిల్లులో గుమస్తాగా పనిచేస్తాను. ఈ సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి ఒక దరఖాస్తు ఇద్దామనుకుంటున్నాను. అందులో ఏం రాయాలో, ఎవరి పేరు మీద రాయాలో తెలియడం లేదు. జరిగింది మొత్తం రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

మా బాపుకు 68 ఏళ్లు. ఆగస్టులో ఒకరోజు పొద్దున చేనుకు పోయి గట్టు మీదే కూలబడ్డాడు. కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దయింది. పక్క చేను ఆయన చూసి 108కి ఫోన్ చేశాడు. రెండు గంటల్లో వరంగల్ చేరాం. పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల లోపు గడ్డ కరిగించే సూది వేస్తేనే ఫలితం ఉంటుందని, టైంకు తెచ్చారని డాక్టర్ చెప్పారు. స్కాన్, సూది, ఐసీయూ అన్నీ ఆరోగ్యశ్రీలో అయ్యాయి. అక్కడి డాక్టర్లకు, రాత్రిళ్లు బాపును పక్కకు తిప్పిన సిస్టర్లకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ప్రాణం వాళ్లే నిలబెట్టారు.

తొమ్మిదో రోజు డిశ్చార్జ్ చేశారు. ముక్కులో పైపు, మూత్రానికి పైపు, చేతిలో ఇంగ్లిష్‌లో రాసిన రెండు పేజీల కాగితం. రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు, ఫిజియోథెరపీ చేయించమన్నారు. ఎక్కడ చేయించాలి, పైపులు ఎవరు మారుస్తారు, ఎన్ని రోజులకు మార్చాలి అనేది ఎవరూ చెప్పలేదు. ఏం అడగాలో మాకు కూడా తెలియదు. ఆటోలో పడుకోబెట్టి దాదాపు 35 కిలోమీటర్లు తెచ్చుకున్నాం.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మా ఊరి ఆశా అక్క వచ్చింది. బాపుకు బీపీ ఉందని ఆమె రిజిస్టర్‌లో ముందు నుంచే ఉంది, ప్రతి నెలా గోలీల కిట్ ఇస్తుంది. ఆ నెల కిట్ ఇచ్చేటప్పుడు ఇంట్లో నేను లేను, బాపు లోపలి అర్రలో మంచం మీద ఉన్నాడు. గడపలోనే మా అమ్మ చేతికి ఇచ్చి వెళ్లిపోయింది. అమ్మకు చదువు రాదు. ఆసుపత్రి వాళ్లు బీపీ మందు మార్చి కొత్తది రాశారన్నది ఆమెకు తెలియదు. ఆశా అక్కకు అసలు పక్షవాతం వచ్చిన సంగతే తెలియదు. ఏ మందూ తప్పిపోవద్దని అమ్మ పాతవీ కొత్తవీ రెండూ నూరి పైపులో పోసింది. మూడు రోజులకు బాపు పిలిస్తే పలకని స్థితికి వచ్చాడు. పరకాలకు తీసుకుపోతే బీపీ బాగా పడిపోయిందన్నారు. మందుల సంచి బోర్లించి చూస్తే అప్పుడు దొరికింది. ఆ రాత్రి మా అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. తప్పు ఆమెది కాదు. ఆశా అక్కది కూడా కాదు. ఆసుపత్రి నుంచి ఊరికి ఒక్క మాట చేరితే ఇది జరిగేదే కాదు.

తర్వాత మూత్రం పైపు. 26వ రోజు మూసుకుపోయింది. కడుపు ఉబ్బి, రాత్రి చలిజ్వరం. మళ్లీ వరంగల్, మళ్లీ మూడు రోజులు. ఈ లోపు నడుము కింద రూపాయి బిళ్ల అంత పుండు పడింది.

ఇక పింఛను. బాపుకు ఆసరా కింద వృద్ధాప్య పింఛను 2,016 వస్తోంది. దివ్యాంగుల పింఛను 4,016. డైపర్లకే మాకు నెలకు 2,000 దాటుతోంది కాబట్టి ఆ తేడా మాకు పెద్దది. మీసేవలో సదరం (వైకల్య ధ్రువపత్రం) స్లాట్ తీసుకుని, ట్రాలీ ఆటోలో పరుపు వేసి క్యాంపుకు తీసుకుపోయాం. డాక్టర్ కాగితాలు చూసి, పక్షవాతం వచ్చి ఆరు నెలలు కాలేదు, అప్పటికి కొంత కోలుకోవచ్చు, ఫిబ్రవరి తర్వాత రండి అన్నారు. ఆ నియమంలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ స్లాట్ ఇచ్చేటప్పుడే ఆ ముక్క చెబితే మనిషిని అంత దూరం హింస పెట్టేవాళ్లం కాదు కదా.

నాకు అర్థమైంది ఇది. బాపు పేరు ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉంది, ఆశా అక్క రిజిస్టర్‌లో ఉంది, పింఛను జాబితాలో ఉంది, సదరంలో ఉంది. నాలుగు చోట్లా ఆధార్ నంబరు ఒకటే. అయినా ఒకచోట తెలిసింది ఇంకోచోటికి పోదు. ఆ కాగితం మోసేది నేను ఒక్కడినే. మిల్లు సీజన్‌లో ఇప్పటికి 31 రోజులు సెలవు పెట్టాను.

మన దగ్గర వైద్యాన్నీ, పింఛను, ఇంటి దగ్గరి సేవ లాంటి సంక్షేమాన్నీ ఒకే చేతి కిందికి తెచ్చే ఏర్పాటు ఏదైనా ఉందా? ఉంటే ఎవరి దగ్గర? లేకపోతే సోమవారం నేను ఏమని రాయాలి?

---

పల్లె దవాఖాన సిస్టర్:

తమ్ముడూ, మీ అమ్మగారికి ముందు ధైర్యం చెప్పండి. పాత మందులు, కొత్త మందులు కలిపి వేసిన ఇళ్లు నేను ఇంకా చూశాను. మాది మహబూబాబాద్ జిల్లా. మా సబ్ సెంటర్‌లోనూ ఇదే బాధ.

మా వైపు నుంచి చెబుతాను. 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ చూడటం, ఉన్నవాళ్లకు నెలనెలా గోలీలు ఇవ్వడం మా పని. మామూలుగా 1,000 మందికి ఒక ఆశా. పేషెంటు మా దగ్గర నుంచి పెద్ద ఆసుపత్రికి పోయేటప్పుడు మేము రిఫరల్ రాసి పంపుతాం. తిరిగి వచ్చేటప్పుడు మాకు ఏ కాగితమూ రాదు. ఎవరు డిశ్చార్జ్ అయ్యారో మాకు టీకొట్టు దగ్గరో, ఉపాధి హామీ పని దగ్గరో తెలుస్తుంది. మీ ఆశా అక్క గడప దగ్గర నుంచే వెళ్లడం మాత్రం పొరపాటే. మంచం మీద మనిషి ఉన్నాడా అని ఒక్క మాట అడగాలి. ఈ మాట మా ఆశాలకు కూడా చెబుతున్నాను.

మీరు ఇప్పుడే చేయగలిగినవి రెండు ఉన్నాయి. మొదటిది, డిశ్చార్జ్ కాగితం ఫొటో మీ సబ్ సెంటర్ నర్సు ఏఎన్ఎంకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అంటే పీహెచ్‌సీ డాక్టర్‌కు వాట్సాప్ చేయండి, పాత బీపీ కిట్ ఆపేశామని రాయించండి. రెండోది, జిల్లా పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే సేవ) సెంటర్ గురించి మీ పీహెచ్‌సీలో అడగండి. అది క్యాన్సర్ వాళ్లకే అనుకుంటారు చాలామంది. మంచం పట్టిన వాళ్ల ఇంటికి కూడా ఆలన బండిలో సిస్టర్ వస్తుంది. పైపు మార్చడం, పుండుకు కట్టు కట్టడం, ఇంట్లో వాళ్లకు నేర్పడం వాళ్ల పని. అంతవరకు రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. ముక్కు పైపులో పోసేటప్పుడు తల, భుజాలు ఎత్తి కూర్చోబెట్టినట్టు ఉంచండి, పోశాక కూడా అరగంట, ముప్పావు గంట అలాగే ఉండాలి. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీ అసలు ప్రశ్నకు నా అనుభవం నుంచి ఒకటి చెబుతాను. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు గర్భిణి పేరు, చెకప్‌లు, కాన్పు, బిడ్డ టీకాలు అన్నీ మేము ఒకే చోట ఎక్కించేవాళ్లం. దాన్నిబట్టే డబ్బు విడతలుగా తల్లి ఖాతాలో పడేది, మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం. ఇంటికి చేర్చడానికి 102 బండి. అంటే వైద్యం, డబ్బు, తిండి, బండి ఒక మనిషి చుట్టూ తిరిగాయి. కాబట్టి మన రాష్ట్రంలో ఇది జరగదు అని నేను ఒప్పుకోను. కడుపుతో ఉన్న మనిషికి చేయగలిగింది మంచం పట్టిన మనిషికీ చేయొచ్చు.

---

నయీంనగర్ నుంచి మాంచెస్టర్:

అన్నా, మాది హనుమకొండ నయీంనగర్. పదేళ్లుగా మాంచెస్టర్‌లో నర్సుగా చేస్తున్నాను. మీరు అడిగే ఏర్పాటు ఇక్కడ చట్టంలోనే ఉంది. అందుకే మంచీ చెడూ రెండూ రాస్తాను.

మా గ్రేటర్ మాంచెస్టర్‌లో 10 మున్సిపల్ కౌన్సిళ్లు. వృద్ధులకు ఇంటి దగ్గర సేవ కౌన్సిల్ బాధ్యత, ఆసుపత్రి ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్ఎస్ బాధ్యత. 2016 ఏప్రిల్ నుంచి ఇక్కడ రెండూ కలిసి ప్లాన్ చేసుకోవడం మొదలైంది. 2022 జూలైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చి ఇంగ్లండ్ మొత్తాన్ని 42 ప్రాంతాలుగా చేసి, ప్రతి చోటా ఇద్దరూ కలిసి కూర్చోవాలన్నారు.

నా వార్డులో అది ఎలా ఉంటుందంటే, పొద్దున డాక్టర్, నర్సు, ఫిజియో, సోషల్ వర్కర్ కలిసి ఒక్కో పేషెంటు గురించి మాట్లాడుకుంటాం. ఇంట్లో మెట్లు ఉన్నాయా, బాత్రూం ఎక్కడుంది, వంట ఎవరు చేస్తారు అని పేషెంటు వచ్చిన మొదటి రోజుల్లోనే అడుగుతాం. డిశ్చార్జ్ లెటర్ వాళ్ల ఊరి డాక్టర్‌కు పోతుంది. పైపు ఉంటే జిల్లా నర్సుకు సమాచారం పోతుంది. మళ్లీ తన కాళ్ల మీద తాను నిలబడేలా ఇంటి దగ్గర సాయం కావాలంటే ఆరు వారాల వరకు డబ్బు తీసుకోకుండా ఇస్తారు.

ఇక చెడు. ఆసుపత్రిలో వైద్యం అందరికీ ఉచితం, కానీ ఇంటి దగ్గరి సేవకు ఆస్తి లెక్క చూస్తారు. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకు పైన ఉంటే మామూలుగా ఖర్చంతా మనదే. సేవకు మనుషులు దొరక్క, జబ్బు నయమైనా వారాల తరబడి మంచం ఖాళీ చేయలేని ముసలివాళ్లను నేను రోజూ చూస్తాను. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు, ఖజానాలు మాత్రం చాలావరకు వేరుగానే ఉన్నాయి.

నేను చూసినంతలో పేషెంటుకు నిజంగా పనికొచ్చేది చట్టం పేరు కాదు, డిశ్చార్జ్ రోజు చేతిలో పెట్టే ఒక ఫోన్ నంబరు, అవతల ఎత్తే ఒక మనిషి. మీరు సోమవారం అడిగితే అది అడగండి. కేరళలో 2008 నుంచే పాలియేటివ్ పాలసీ ఉంది, పంచాయతీల ద్వారా నర్సులు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పోతారు. నాతో పనిచేసే మలయాళీ సిస్టర్లు దాని గురించి గర్వంగా చెబుతారు. మనవాళ్లు ఇంగ్లండ్ కంటే అటు చూడటం మంచిది.

---

భూపాలపల్లి కోడలు:

ఒక్క మాట. మా అత్తకు మూడేళ్లుగా ఇదే పరిస్థితి. మీ పోస్టులో మీ సెలవులు 31 రోజులని లెక్క ఉంది. మీ అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో లెక్క లేదు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేశాను. మన దగ్గర ఇంటి సేవ అంటే భార్య, కూతురు, కోడలు. ఏ శాఖను ఏ శాఖతో కలిపినా ఆమె నడుముకు ఎవరైనా ఆసరా ఇస్తారా అని కూడా దరఖాస్తులో రాయండి అన్నా.

---

రిటైర్డ్ సూపరింటెండెంట్, జనగామ:

బాబూ, మండల పరిషత్ ఆఫీసుల్లో 30 ఏళ్లు ఫైళ్లు రాసినవాడిని. భావం మంచిదే. కానీ "వైద్యం, సంక్షేమం ఒకటి చేయండి" అని రాస్తే అది ఏ సీటుకూ చెందదు. చెందని ఫైలు కదలదు.

ఎవరి కింద ఏముందో ముందు తెలుసుకో. వరంగల్‌లో ఎంజీఎం లాంటి బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుల కింద ఉంటాయి. ఏరియా ఆసుపత్రులు ఇంకో విభాగం. పీహెచ్‌సీ, ఏఎన్ఎం, ఆశా జిల్లా వైద్యాధికారి కింద. పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది. అంగన్‌వాడీ, వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం వేరే శాఖలవి. జిల్లాలో వీళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టగలిగేది కలెక్టర్ ఒక్కరే.

దీనికి తోడు జిల్లాల విభజన. 2016 అక్టోబర్ 11న మన పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది. 2019లో ములుగు వేరయింది. 2021లో అర్బన్, రూరల్ పోయి హనుమకొండ, వరంగల్ అయ్యాయి, మీ పరకాల, నడికూడ హనుమకొండలోకి వచ్చాయి. ఆఫీసులు దగ్గరయ్యాయి, అది మేలే. కానీ పెద్ద జబ్బుకు అందరం ఇప్పటికీ వరంగల్‌కే పోతాం. మా జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అన్నీ అంతే. వైద్యం ఒక జిల్లాలో, పింఛను, ఆశా ఇంకో జిల్లాలో. హనుమకొండ కలెక్టర్ వరంగల్ జిల్లాలోని ఆసుపత్రికి నేరుగా ఉత్తర్వు ఇవ్వలేరు, లేఖ రాయాలి. నీ సమస్య సగం ఈ గీత మీదే ఉంది.

కాబట్టి ఒకే అర్జీలో అన్నీ పెట్టకు. ఒకటి హనుమకొండ ప్రజావాణికి: మంచం పట్టిన మనిషి కాబట్టి పీహెచ్‌సీ డాక్టర్, పాలియేటివ్ బృందం ఇంటికి వచ్చి చూడాలి, సదరం స్లాట్ తీసుకునేటప్పుడే ఆరు నెలల నియమం మీసేవలో చెప్పాలి. రెండోది వరంగల్ ప్రజావాణికి: పక్షవాతం, తుంటి ఎముక విరగడం లాంటి కేసుల్లో డిశ్చార్జ్ కాగితం నకలు ఆ రోజే సంబంధిత పీహెచ్‌సీకి చేరాలి. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో పేషెంట్లకు దారి చూపే ఆరోగ్యమిత్ర సీటు ఎలాగూ ఉంది, ఆ పని ఆ సీటుకు అప్పగించవచ్చు అని సూచన రాయి. ఎవరినీ నిందించకు. మందులు కలిసిపోయిన సంగతి తేదీలతో రాయి, అది చదివిన ఏ అధికారికైనా మనసు కదులుతుంది. రసీదు తీసుకోవడం మరిచిపోకు.

ఊరిలో కూడా ఒక బల్ల ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ. సర్పంచ్, ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్ అందులో ఉంటారు. చాలా ఊళ్లలో దోమల మందుకు తప్ప అది కూర్చోదు. దాన్ని కూర్చోబెట్టు.

---

నడికూడ పత్తి గుమస్తా:

అందరికీ దండాలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను.

సార్ చెప్పినట్టే రెండు అర్జీలు రాశాను. హనుమకొండలో ఆ సోమవారమే ఇచ్చాను. మూడో రోజు పీహెచ్‌సీ నుంచి ఫోన్ వచ్చింది, గురువారం పాలియేటివ్ బృందం వచ్చింది. సిస్టర్ పైపు మార్చింది. పుండు చుట్టూ చర్మం చూసి, ఇంకా లోతుకు పోలేదు, మానుతుంది అంది. బాపును ఒక్కరే పక్కకు ఎలా తిప్పాలో అమ్మకు చూపించింది, నడుము వంచకుండా, దుప్పటిని పట్టి లాగి. అమ్మ నాలుగు నెలలుగా భుజాలు పట్టి లేపుతోంది. భూపాలపల్లి అక్కా, మీ మాట చదివి ఆ రాత్రి నేను అమ్మను అడిగాను. ఆగస్టు నుంచి ఒక్క రాత్రి కూడా సరిగా పడుకోలేదంది. ఇప్పుడు రాత్రి రెండు నుంచి పొద్దటి దాకా నా వంతు.

వరంగల్ అర్జీ తర్వాతి సోమవారం ఇచ్చాను, రసీదు నా దగ్గర ఉంది. జవాబు ఇంకా రాలేదు. రాకపోతే మళ్లీ పోతాను.

ఊరి కమిటీ మాత్రం కూర్చుంది. ఐదుగురే వచ్చారు, గంటలోపే అయిపోయింది. మా ఊళ్లో మంచం పట్టినవాళ్లు ఎంతమంది అని ఏఎన్ఎం అడిగితే ఆశా అక్క నలుగురంది, అంగన్‌వాడీ టీచర్ ఇంకో ముగ్గురి పేర్లు చెప్పింది, పింఛన్లు పంచే పోస్టు ఆయన ఇంకొకరి పేరు చెప్పాడు. ఎనిమిది మంది. ఇప్పటిదాకా ఆ ఎనిమిది పేర్లు ఒక కాగితం మీద లేవు.

పల్లె దవాఖాన అక్కతో ఫోన్‌లో మాట్లాడి తెలుగులో ఒక పేజీ తయారు చేశాను. ఏ పైపు ఏ తేదీన వేశారు, మళ్లీ ఏ తేదీకి మార్చాలి, పాత మందుల్లో ఏది ఆపేశారు, పుండు ఉందా, ఆరు నెలలు ఎప్పుడు నిండుతాయి, ఎవరికి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో డిశ్చార్జ్ రాసే డాక్టర్ లేదా సిస్టర్ దగ్గర కూర్చుని నింపించుకోవాలి. పక్క ఊరి ఆయన ఒకరు తుంటి ఆపరేషన్ అయి శనివారం ఇంటికి వస్తున్నాడట. ఆయన కొడుకుకు ఒక జిరాక్స్, వాళ్ల ఆశాకు ఒకటి నిన్న ఇచ్చి వచ్చాను.